సాంచాల జాగాలో పడవ

ఈ ఉదయం దండెం మీద తువ్వాళ్లు ఆరేస్తుంటే పక్కింటి కొత్తకోడలు గోడ మీంచి తొంగిచూసి, వాటి మధ్య నీళ్లు కారుతూ వేలాడుతున్న నారింజ రంగు లైఫ్ జాకెట్టును చూపించి, "ఏందక్కా గది? ఎవలది?" అని అడిగింది. నేను క్లిప్పు పెడుతూ "మా సవతిది" అన్నాను. ఆ పిల్ల పెళ్లయి సోలాపూర్‌లోని మా నీలం నగర్‌కు వచ్చి రెండు నెలలు కూడా కాలేదు, నిజమే అనుకుని గబుక్కున తల లోపలికి లాక్కుంది. సాయంత్రానికల్లా గల్లీ అంతా నాకు ఒక సవతిని అంటగడుతుందని తెలిసినా వెనక్కి పిలిచి చెప్పలేదు, ఎందుకంటే నేను ఆడింది పూర్తిగా అబద్ధం కాదు. ఎర్రటి రంగు, సన్నటి నడుము, రెండు కొసల్లోనూ పైకి లేచిన ముక్కు, కడుపు కింద ఒక అతుకు. మా ముందు గదిలో ఆమె కాపురం పెట్టి మూడేళ్లవుతోంది. కెనూ అంటారు దాన్ని. ఇద్దరు మనుషులు ముందొకరు వెనకొకరు కూర్చుని తెడ్లతో నడుపుకునే పడవ. అందులో గుడారం, బియ్యం, గిన్నెలు వేసుకుని, రోడ్డు లేని ఏదో ఒక ఒడ్డుకు పోయి, ఒక పూట ఉండి, మళ్లీ తెడ్డు వేసుకుంటూ తిరిగిరావడం కొందరికి సరదా. ఆ సరదా మా ఇంట్లోకి ఎట్లా వచ్చిందో, దాని మీద నేనెంత కుళ్లుకున్నానో దాచుకునే వయసు ఇప్పుడు నాది కాదు.

ఆ ముందు గదిలో అంతకుముందు నాలుగు సాంచాలు ఉండేవి. సాంచా అంటే మావాళ్ల మాటలో కరెంటు మగ్గం. మా మామగారు తెలంగాణ నుంచి చేతిమగ్గం పనికని సోలాపూర్ వచ్చి, తర్వాత సాంచాలు కొని, ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం నేసి, చివరికి ఇల్లూ ఆ సాంచాలూ కొడుక్కి వదిలిపోయారు. రెండు సాంచాలు మా ఆయన చూసేవాడు, రెండు అన్న చూసేవాడు. అన్న అంటే నా తోడబుట్టినవాడు కాదు, నా పుట్టింటి ఊరివాడు. అందుకని నాకు అన్న, మా ఆయనకు బావమరిది. నాలుగు సాంచాలు ఒకేసారి నడిస్తే ఆ గదిలో ఉరుము ఉరిమినా వినిపించదు. అందుకని మా ఇళ్లలో చెవులతో కాదు, కళ్లతో మాట్లాడుకుంటాం. గొంతు ఎత్తకుండా పెదవులు మాత్రం కదుపుతాం, ఎదుటివాళ్లు చదువుకుంటారు. నేను కాపురానికి వచ్చిన ఏడాదిలోనే అది పట్టుబడింది. ఇప్పటికీ కొంతం చౌక్‌లో బస్సుల హారన్ల మధ్య రోడ్డుకు ఈ పక్కన నిలబడి ఆ పక్కనున్న మనిషితో వంకాయల బేరం సంగతి మాట్లాడేయగలను. బంధువుల పెళ్లిళ్లలో దూరంగా కూర్చున్న ఆడవాళ్లు నా చీర గురించి ఏమనుకుంటున్నారో కూడా తెలిసిపోతుంటుంది, దానివల్ల నాకు సుఖం కంటే కష్టమే ఎక్కువ కలిగింది.

తర్వాత రోజులు మారాయి. ఇంటి సాంచాల మీద నేసిన తువ్వాళ్లు అడిగేవాళ్లు తగ్గారు. ఒక ఎండాకాలం నాలుగింటినీ విప్పి పాత ఇనుముకు ఇచ్చేశాం. మా ఆయన, అన్న ఇద్దరూ అక్కల్‌కోట్ రోడ్డు మీద ఒక కార్ఖానాలో పగటి పాళీకి, అంటే పగటి షిఫ్టుకు కుదిరారు. ముందు గది ఖాళీ అయింది. గోడల మీద నూనె మరకలు, నేల మీద సాంచాల కాళ్ల గుంతలు తప్ప ఏమీ లేవు. ఆ జాగా మీద నేను అప్పటికే కన్నేసి ఉంచాను. నాతో కలిపి బీడీలు చేసే నలుగురం వెనక వరండాలో ఎండకు మాడిపోతున్నాం, ఇక ముందు గదిలో ఫ్యాను కింద కాళ్లు చాపుకుని కూర్చోవచ్చని అందరికీ మాట కూడా ఇచ్చేశాను. సరిగ్గా ఆ వారమే మా ఆయనా అన్నా కార్ఖానాలో నేసిన చద్దర్ల, అంటే దుప్పట్ల, మూట ఒకటి అప్పగించడానికని ఉజని డ్యామ్ వెనక నీళ్ల దగ్గరికి వెళ్లారు. అక్కడ పుణె వైపు మనిషి ఎవరో పడవలూ గుడారాలూ పెట్టుకుని, పట్నం వాళ్లను నీళ్ల మీద తిప్పుతున్నాడట. మూట దించిన వీళ్లిద్దరినీ ఊరికే ఒకసారి పడవ ఎక్కించాడట. అంతే. వెళ్లేటప్పుడు చద్దర్ల మూట ఉన్న టెంపోలో వచ్చేటప్పుడు పగిలిపోయి మూలన పారేసిన పడవ ఒకటి వచ్చింది. ఇద్దరూ ఇనుప రేకు ఎర్రగా కాల్చి ప్లాస్టిక్ కరిగించి దాని కడుపు అతికించారు. సాంచాకు ఏది విరిగినా ఇంట్లోనే అతుకు వేసుకున్న చేతులు కదా, ఆ అతుకు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అది కూడా నాకు కోపమే.

"ఏందిది?" అని అడిగాను, పడవ గుమ్మంలోంచి లోపలికి వస్తుంటే.

"పడవ" అన్నాడు మా ఆయన.

"ఈడ నీళ్లేడున్నయి?"

"ఉజనిల ఉన్నయి గద" అన్నాడు, నేను ఉజని ఎక్కడుందని అడిగినట్టు.

నల్లా నీళ్లు నాలుగు రోజులకోసారి వచ్చే మా గల్లీలో, బిందెలు వరసపెట్టి కాపలా కాసే మా ఇంట్లో, పడవకు ఒక గది. నెలకొకసారి, కార్ఖానాకు వరసగా రెండు రోజులు సెలవు దొరికినప్పుడు, ఇద్దరూ దాన్ని టెంపో మీద కట్టుకుని వెళ్లిపోయేవాళ్లు. తిరిగొచ్చేసరికి మా ఆయన ముఖం నల్లగా కమిలి, ఒళ్లంతా బురద వాసన వేస్తూ, కళ్లు మాత్రం తేటగా ఉండేవి. ఏం చూశావంటే "నీళ్లు" అనేవాడు. అదే మనిషి అన్న ఇంటికి పోయి వాళ్లావిడతో, నేను వదినా అని పిలిచే ఆమెతో, ఏ పక్షి ఎక్కడ వాలిందో వివరంగా చెప్పేవాడని ఆమే వచ్చి నాకు చెప్పింది. మంచి మనసుతోనే చెప్పి ఉంటుంది. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. ముప్పై ఏళ్లలో నన్ను ఆయన తీసుకుపోయింది పండరిపురం, అక్కల్‌కోట్, మా చెల్లెలి పెళ్లి. ఇక ఆ పడవకు జరిగే సేవ చెప్పనక్కర్లేదు. వచ్చిన రోజు కడగడం, మర్నాడు పొడిగుడ్డతో తుడవడం, వారానికోసారి అతుకు మీద వేలు పెట్టి నిమిరి చూడడం. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నుదుటి మీద తడిగుడ్డ వేసింది వదిన. ఆయన గుమ్మం దగ్గర నిలబడి "ఎట్లుంది?" అని అడిగాడు. ఆ పడవను మాత్రం ఏ రోజూ గుమ్మం దగ్గర నిలబడి పలకరించలేదు.

ఒకరోజు నా ఓపిక అయిపోయింది. బీడీ చుట్టే ముందు తునికాకును నీళ్లలో నానబెట్టాలి, లేకపోతే మడిచినప్పుడు విరిగిపోతుంది. ఆ మధ్యాహ్నం నేను రెండు బిందెల నీళ్లు తెచ్చి పడవలో పోసి, నా ఆకే కాదు, నలుగురి ఆకూ అందులో నానేశాను. నీళ్లలోంచి లేచిన పచ్చి ఆకు వాసన, పొగాకు ఘాటు కలిసి గదంతా నిండింది. నా తోటివాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. "ఇగ జూడు, నీ మొగుడు నిన్ను ఇంట్లకెల్లి ఎల్లగొడ్తడు" అంది మాతోపాటు బీడీలు చుట్టే వదిన. గట్టిగా ఒక్క గొడవ జరిగితే ఎంత బాగుంటుందో అని నేను ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఆయన పాళీ దిగి వచ్చాడు, పడవలోకి చూశాడు. "ఆకు మంచిగ నానిందా?" అని అడిగాడు. తర్వాత కట్టలు ఒక్కొక్కటే తీసి గోనెపట్టా మీద పేర్చి, నీళ్లు ముంచి తులసి కోటలో పోసి, పొద్దుపోయేదాకా మరకలు తుడుస్తూ కూర్చున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అనాల్సినంత దగ్గరి మనిషిగా కూడా నేను ఆయనకు కనిపించలేదేమో అనిపించి, ఆ రోజు అన్నం సయించలేదు.

చివరికి ఒక చలికాలం మొదట్లో, తెడ్డుకు గరుకు కాగితం రుద్దుతున్న ఆయన ఎదురుగా పోయి కూర్చున్నాను.

"ఈపాలి నేను గూడ వస్త" అన్నాను.

ఆయన చెయ్యి ఆగింది. "ఎండ ఉంటది."

"నాకు ఎండ తెల్వదా?"

"కింద పండాలె. పురుగు పుట్ర ఉంటది."

"ఇంట్ల పరుపు మంచం మీద పండుతున్నట్టు జెప్తవేంది."

ఆయన కాగితాన్ని మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు. "బరాబర్, రా మరి" అన్నాడు. ఆ మడతల మధ్య ఆయన ఏం ఆలోచించాడో అప్పుడే గమనించి ఉండాల్సింది. నేను గెలిచానన్న సంతోషంలో ఉన్నాను.

మర్నాడే సామాను సర్దడం మొదలుపెట్టాను. జొన్నరొట్టెలు, శేంగా చట్నీ అనే పల్లీల కారం, పప్పు, పోపుడబ్బా, రోకలి, స్టవ్వు. వాళ్లు పడుకోవడానికి వాడే ప్లాస్టిక్ సంచుల్లాంటి పడకలు చూసి, చద్దర్లు నేసే ఊళ్లో ఉండి ఇందులో దూరి పడుకుంటారా అని, పెట్టెలోంచి ఐదు మంచి సోలాపూర్ చద్దర్లు తీశాను. "చెల్లె, ఇది పడవ, టెంపో గాదు" అన్నాడు అన్న. మా ఆయన మాత్రం అన్నీ పడవలోకి సర్దాడు. ముందు అన్న, వెనక మా ఆయన, మధ్యలో నేనూ సామానూ. తెడ్డు వేసేకొద్దీ లోపలికి చిందే నీళ్లన్నీ నా చద్దర్లు తాగేశాయి, ఒక్కొక్కటీ తడిసిన మేకపిల్లంత బరువెక్కింది. అది చాలదన్నట్టు, ముఖం చూడకుండా మా ఆయన మాట వినడం నాకు ఏనాడూ అలవాటు లేదు. ఆయన వెనకనుంచి ఏదో అంటాడు, నేను ఆయన పెదవులు చూడడానికి పూర్తిగా వెనక్కి తిరుగుతాను, పడవ ఒక పక్కకు ఒరిగిపోతుంది. "తిరగకే" అంటాడు. ఏమన్నాడో అని మళ్లీ తిరుగుతాను. ఇట్లా మూడుసార్లు మునిగినంత పనైంది. అక్కడ ఒక చిన్న గాలి తప్ప చప్పుడే లేదని, వినడానికి చెవులు చాలని నా మెడకు అర్థం కాలేదు.

మేము దిగింది నీళ్ల మధ్య మిగిలిన ఒక మిట్ట మీద. గడ్డి, నాలుగు తుమ్మచెట్లు, ఎప్పటిదో మునిగిన ఊరి తాలూకు చెక్కిన రాళ్లు రెండు. చుట్టూ కనుచూపు మేర నీళ్లు. నిజం చెప్పాలంటే, దిగగానే చేతిలోని మూట కింద పెట్టడం మరిచిపోయాను, అంత బాగుంది. ఆ వెంటనే ఇన్నాళ్లూ ఇది నాకు చూపించలేదే అని కడుపు మండింది. అక్కడ మా ఆయన వేరే మనిషి. గాలి ఎటునుంచి వస్తుందో చెంప తిప్పి చూసి గుడారం ముఖం మార్పించాడు. దూరంగా నీళ్లలో తెల్లటి గీతలా కనిపించేవి రాజహంసలని, పొద్దు వాలేటప్పుడు లేచి తలల మీదుగా పోతాయని, అప్పుడు వాటి రెక్కల కింద గులాబీ రంగు కనిపిస్తుందని అన్నకు చెబుతూ నవ్వాడు. ఆయన నవ్వు అంత పెద్దదని నాకు తెలియదు. నేను తట్టుకోలేకపోయాను. గడ్డితో చీపురు కట్టి గుడారం ముందంతా ఊడ్చాను. నీళ్లు చల్లాను. స్టవ్వు ఇటు పెట్టమన్నాను, గిన్నెలు అటు బోర్లించమన్నాను, తుమ్మచెట్లకు తాళ్లు కట్టించి నా ఐదు చద్దర్లూ ఆరేయించాను. కట్టెలు తెమ్మన్నాను, తెచ్చినవి పచ్చివని మళ్లీ పంపాను. పక్షులు లేచే వేళకు ఇద్దరూ ఒడ్డు వైపు నడవబోతుంటే, రొట్టె వేడి మీద తినకపోతే తోలు అవుతుందని కూర్చోబెట్టాను. తిని చేతులు కడుక్కునేసరికి ఆకాశంలో ఏమీ లేదు. మా ఆయన ఆ ఖాళీ ఆకాశం వైపు ఒకసారి చూసి, గిన్నె ఇచ్చి, "చట్నీ మంచిగుంది" అన్నాడు.

మర్నాడు ఉదయం నేను స్టవ్వు మీద చాయ్ పెట్టాను. వాళ్లిద్దరూ కింద మోకాలి లోతు నీళ్లలో పడవకు అటొకరు ఇటొకరు నిలబడి దాన్ని కడుగుతున్నారు. అన్న వీపు నా వైపు, మా ఆయన ముఖం నా వైపు. గొంతు ఎత్తితే ఆ నిశ్శబ్దంలో నాకు వినిపిస్తుందని ఇద్దరూ పెదవులతో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. సాంచాల గదిలో బయటి మనిషి ఎవరైనా ఉన్నప్పుడు అట్లాగే మాట్లాడుకునేవాళ్లు. నేను బయటి మనిషిని కానని, ఆ గదిలోకి ముప్పై ఏళ్లు చాయ్ మోసినదాన్నని ఇద్దరికీ గుర్తు లేదు.

"ఏం జెయ్యాలె మరి, వస్తనంటే వద్దంటనా?" అన్నాయి మా ఆయన పెదవులు.

అన్న భుజాలు కదిలాయి. ఏమన్నాడో నాకు కనిపించదు.

"మంచిదే ఆమె. మంచిది గాదని నేనన్ననా?" తర్వాత ఆయన చేతిలోని గుడ్డను నీళ్లలో పిండుతూ, తల వంచి, మళ్లీ ఎత్తాడు. "ఈ ఒక్క జాగ ఉండె నాకు. ఇగ ఇది గూడ ఇల్లే అయితది."

చాయ్ పొంగి స్టవ్వు మీద పడింది. నాకు ఏడుపు రాలేదు, సిగ్గేసింది, ఆ తర్వాత చెప్పలేనంత కోపం వచ్చింది. ఇల్లు అంటే అంత శిక్షా అని అరవాలనిపించింది. "చాయ్ అయింది" అని మాత్రం పిలిచాను. తిరుగు ప్రయాణంలో నేను ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. "ఈపాలి మంచిగ కూసున్నవు" అని మెచ్చుకున్నాడు వెనకనుంచి.

పది రోజులు ఆయనతో ముక్తసరిగా మాట్లాడాను. ఆయన దాన్ని నడుం నొప్పి అనుకున్నాడు, మందు కూడా తెచ్చాడు. ఒక సెలవునాటి మధ్యాహ్నం వెనక వరండాలో మేం నలుగురం చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నాం. వదిన తన తోటికోడలి సంగతి ఏదో చెబుతోంది, మేమంతా ఒకళ్ల మీద ఒకళ్లం పడి నవ్వుతున్నాం. మా ఆయన మంచినీళ్లకని వచ్చాడు. నలుగురం ఒక్కసారే నోళ్లు మూసుకుని తలలు చాటల్లోకి వంచాం. ఆయన నిలబడే చెంబెడు నీళ్లు తాగి, "కూసోండ్రి, కూసోండ్రి" అని, ఎవరూ లేవకపోయినా అట్లా అని, గోడ వారగా తప్పుకుని పోయాడు. "పోయిండా?" అంది వదిన. మళ్లీ నవ్వులు మొదలయ్యాయి. ఆ మాట నేనే ఎన్ని వందల సార్లు అన్నానో. ఆ వరండా ఆయన కట్టించిందే. అక్కడ ఆయన రెండు నిమిషాలు కూర్చోవడం నేను ఏనాడూ చూడలేదు, కూర్చోమని ఏనాడూ అనలేదు. ఆ రోజు నా చేతిలో ఆకు రెండుసార్లు చిరిగింది.

తర్వాతి నెల సెలవులొచ్చాయి. గల్లీలో టెంపో నిలబడింది, పడవను కట్టేశారు, అన్న ముందు సీట్లో కూర్చున్నాడు. పక్కింటి సాంచాలు హోరెత్తిపోతున్నాయి. మా ఆయన తెడ్లు భుజాన వేసుకుని గుమ్మంలో ఆగి, "వస్తవా?" అని పెదవులతో అడిగాడు. రానంటే బాగుండునన్న ఆశ ఆ ముఖంలో ఎక్కడా పైకి కనిపించకుండా జాగ్రత్తపడ్డాడు.

నేనూ గొంతు ఎత్తలేదు. "రాను. నేనొస్తే అది గూడ ఇల్లే అయితది" అన్నాను.

ఆయన తెడ్లు భుజం మీంచి దించి గోడకు ఆనించాడు. నా పెదవుల వైపే చూశాడు, నేను ఇంకేమైనా అంటానేమో అని.

"సదివినవా?" అన్నాడు.

"నువ్వన్నదంత సదివిన."

ఆయన గడప మీద కూర్చుండిపోయాడు. బయట అన్న హారన్ కొట్టించాడు. "ఇగ నేను పోనులే" అన్నాడు మా ఆయన, ఈసారి గొంతుతో, సాంచాల హోరులో నాకు వినపడదని తెలిసినట్టు చాలా చిన్నగా. నాకు పెదవులు కనిపించాయి. దాచుకోను, ఆ క్షణంలో నా లోపల పండగైంది. ఒక్క మాట అనకుండా ఊరుకుంటే చాలు, మనిషి ఇంట్లో ఉండిపోతాడు. ఇంకో వారంలో పడవ కూడా ఏ పాతసామాను బండికో వెళ్లిపోతుంది. ముందు గదిలో ఫ్యాను కింద నేను కాళ్లు చాపుకుని కూర్చుంటాను. ఆయన వస్తాడు, నీళ్లు తాగుతాడు, "కూసోండ్రి" అని గోడ వారగా తప్పుకుంటాడు. బతికినన్నాళ్లు అట్లా తప్పుకుంటూనే ఉంటాడు. నేను లేచి తెడ్లు తీసి ఆయన చేతిలో పెట్టాను. "పో, పక్షులు లేస్తయి" అన్నాను. ఆయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్లాడు.

దాంతో నా కుళ్లు పోయిందని మాత్రం అనుకోవద్దు. ఆయన వెళ్లిన ప్రతిసారీ ఖాళీ అయిన ముందు గది తలుపు ఢామ్మని వేసేస్తాను, ఉజని ఎండిపోతే బాగుండునని కూడా ఒకటి రెండుసార్లు అనుకున్నాను. తిరిగొచ్చాక ఒక్కోసారి నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, గాలి ఎట్లా తిరిగిందో, ఏ ఒడ్డున దిగారో గొంతు లేకుండా చెబుతాడు. ఒక్కోసారి ఏమీ చెప్పడు, నేనూ అడగను. సాంచాలు నడిచినన్నేళ్లూ ఆయన పెదవుల మీద నేను చదివింది దారం తెగింది, నూలు కండె అయిపోయింది, కరెంటు పోయేటట్టుంది, చాయ్ తే, ఇంతే. ఆయన మనసులోని మాట ఒక్కటి అక్కడ చదవడానికి ముప్పై ఏళ్లు పట్టింది, తీరా చదివితే అది నాకు చెప్పిన మాట కాదు.